రెండు ఆర్‌సీఎం ఎలిమెంటరీ స్కూళ్లను కలపాలా వద్దా: ముందు చూడాల్సినవి, కొలవాల్సినవి

పక్కపక్క విచారణల్లో (విచారణ అంటే ఒక ఫాదరు చూసుకునే గుడి పరిధి) రెండు ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలిక మిషన్, ఎలిమెంటరీ స్కూళ్లు ఉన్నాయనుకుందాం. ఒకదాంట్లో 38 మంది పిల్లలు, రెండోదాంట్లో 71 మంది. ఎయిడెడ్ టీచర్లు, అంటే ప్రభుత్వం జీతమిచ్చేవాళ్లు, ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, ఖాళీలు నిండటం లేదు. మేత్రాసన (బిషప్ పరిధిలోని విచారణలన్నీ కలిసిన ప్రాంతం) సమావేశంలో ఎవరో ఒకరు "కలిపేస్తే పోలా" అంటారు. ఆ మాట వచ్చాక నలుగురు బయల్దేరి పిల్లలు తక్కువున్న బడికి వెళ్లి, పెచ్చులూడిన గోడలు చూసి, మూసేయాలని రాసేస్తారు.

ఇది తిరగేసి చేయాల్సిన పని. మూసే బడికంటే పిల్లల్ని చేర్చుకోబోయే బడిని ఎక్కువ కఠినంగా పరీక్షించాలి. మూసే బడి లోపాలు దాంతోనే పోతాయి. చేర్చుకునే బడి లోపాలు మాత్రం కొత్తగా వచ్చే ప్రతి పిల్లవాడికీ చుట్టుకుంటాయి.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలి. విలీనం ఒక్క పనిలా కనిపిస్తుంది కానీ అందులో నాలుగున్నాయి: పిల్లలు, టీచర్లు, గుర్తింపు, స్థలం. నాలుగింటికీ ఒకే జవాబు రానక్కర్లేదు. పిల్లలు అవతలి బడికి వెళ్లొచ్చు, ఇవతలి భవనం సత్యోపదేశానికో (పిల్లలకు చెప్పే మతబోధ) సాయంత్రం ట్యూషన్‌కో నిలవొచ్చు. రిపోర్టులో ఈ నాలుగింటినీ వేర్వేరుగా రాయండి. కలిపి రాస్తే స్థలం మీద ఉన్న ఆశ పిల్లల లెక్కను మింగేస్తుంది.

ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి

ఐదుగురు నుంచి ఏడుగురు చాలు. ఆ మండలానికి బయటివారైన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక సివిల్ ఇంజినీరు, లెక్కలు తెలిసినవారొకరు, మేత్రాసన విద్యా విభాగం నుంచి ఒకరు, బోధనలో ఉన్న ఒక సిస్టరు, రెండు బడుల నుంచి చెరొక తల్లి. రెండు బడుల కరస్పాండెంట్లు (యాజమాన్యం తరఫున బడిని చూసేవాళ్లు) కమిటీలో ఉండకూడదు. అడిగింది చెప్పాలి, కాగితాలు ఇవ్వాలి, అంతవరకే.

పని జులైలో మొదలుపెట్టి జనవరికి ముగించాలి. ఆరు నెలలు ఎందుకంటే, కారే కప్పు వానలోనే తెలుస్తుంది. నెల్లూరు వైపైతే అక్టోబరు, నవంబరు వానలు చూడకుండా ఏ భవనం గురించీ రాయకూడదు. బడుల వివరాలు ప్రభుత్వం ఆన్‌లైన్లో సేకరించే యూడైస్ ప్లస్ లెక్కలకు సెప్టెంబరు 30 ఆధార తేదీ కాబట్టి ఆ అంకెలూ అప్పటికి చేతికొస్తాయి. నిర్ణయం జనవరి దాటితే ప్రైవేటు స్కూళ్ల అడ్మిషన్ల ప్రచారం ఊళ్లోకి వచ్చేస్తుంది. ఏప్రిల్‌లో చెబితే మీరు కలపాలనుకున్న పిల్లలు అప్పటికే వేరే బస్సు ఎక్కి ఉంటారు.

పిల్లల లెక్క

ఈ ఏడాది సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతారు. గత నాలుగేళ్ల హాజరు పట్టీలు ముందు పెట్టుకోండి. ఒకటో తరగతిలో 20 మంది ఉండి, మరుసటేడు రెండులో 17 మంది ఉంటే నిష్పత్తి 0.85. ఇలా ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఐదు చొప్పున, మూడేళ్లకు లెక్కగట్టి సగటు తీయండి. ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో అక్కడ కారణం వెతకాలి. చాలాచోట్ల మూడో తరగతి దగ్గర పడుతుంది. ఇంగ్లిష్ మీడియం స్కూలు వ్యాను ఆ వయసు నుంచి పిల్లల్ని ఎక్కించుకుంటుంది మరి.

ఇక కొత్తగా ఒకటో తరగతిలో చేరేవాళ్ల అంచనా. ఇందుకు విచారణ దగ్గరున్న జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టరు పనికొస్తుంది. ఐదారేళ్ల కిందటి పేజీలు తీసి, ఆ ఏడాది జ్ఞానస్నానం పొందినవాళ్లలో ఎందరు మన బడిలో ఒకటో తరగతికి వచ్చారో చూడండి. మూడేళ్లకు ఆ వాటా తెలిస్తే, నిన్నటి రిజిస్టరు నుంచి రేపటి తరగతిని ఊహించొచ్చు. అయితే మన బళ్లలో చదివేవాళ్లంతా కథోలికులు కారు కాబట్టి అంగన్వాడీ రిజిస్టరు కూడా పక్కన పెట్టుకోవాలి.

రికార్డుల్లో మతం కాలమ్‌ను నమ్మి "కథోలిక పిల్లలు ఇంతే" అని రాయకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సి కింద పెడతారు. అందువల్ల ఆదివారం పూజకు వచ్చే కుటుంబం బడి రికార్డులో వేరేలా ఉండొచ్చు. ఆ కాలమ్ గురించి తల్లిదండ్రుల్ని గుచ్చి అడగొద్దు, రిపోర్టులో పేర్లు రాయొద్దు. విచారణ కుటుంబాల పుస్తకంతో సంఖ్య సరిచూసుకుంటే చాలు.

హాస్టలు ఉన్న బడైతే హాస్టలు పిల్లల్ని విడిగా లెక్కపెట్టండి. హాస్టలు మూతపడ్డ ఏడు ఆ తరగతులన్నీ ఒక్కసారే ఖాళీ అవుతాయి. అది బడి పతనం కింద రాయకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: కలిపితే ఎందరు వస్తారు? అందరూ రారు. 50, 70, 90 శాతం చొప్పున మూడు లెక్కలు వేయండి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే హెడ్మాస్టరు అదనం. మన రెండు బడులకు విడివిడిగా ఇద్దరు, ముగ్గురు, మొత్తం ఐదుగురు రావాలి. కలిపి 109 అయితే నలుగురే. 38 మందిలో 90 శాతం వస్తే 105, 70 శాతం వస్తే 98, రెండింటికీ నలుగురు. సగం మందే వస్తే 71కి 19 కలిసి సరిగ్గా 90. అంటే ముగ్గురు. అవతలి బడికి ఇంతకుముందు రావాల్సింది కూడా ముగ్గురే! పిల్లలు 19 మంది పెరిగారు, టీచరు ఒక్కరూ పెరగలేదు. ఒక్క పిల్లవాడి తేడాతో ఒక టీచరు తేలిపోయే ఇలాంటి గీతలు మీ లెక్కలో ఎక్కడున్నాయో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి.

2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ స్కూళ్లకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. అయినా కొలబద్దగా దీన్నే వాడండి. చట్టం మినహాయించినంత మాత్రాన ఇద్దరు టీచర్లు ఐదు తరగతుల్ని సులువుగా నడపగలరని కాదు.

దారి

మ్యాపులో దూరం చూసి ఊరుకోవద్దు. ఒకటో తరగతి పిల్లను వెంటబెట్టుకుని, బడి వేళకు, సంచి భుజాన వేసుకుని నడవాలి. ఎలిమెంటరీ బడి కిలోమీటరు లోపు ఉండాలన్నది విద్యాహక్కు నిబంధనల లెక్క. జాతీయ రహదారి, రైల్వే గేటు, రెయిలింగు లేని కాలువ వంతెన, వీటిలో ఏది అడ్డమొచ్చినా ఆ కిలోమీటరు కిలోమీటరు కాదు. ఆటో అవసరమైతే నెలకు ఎంతవుతుందో, ఆ డబ్బు ఎవరిస్తారో, ఎన్నేళ్లిస్తారో రాతలో ఉండాలి. "మొదటి ఏడాది మేమే పెడతాం" అన్నచోట రెండో ఏడాదే పిల్లలు తగ్గుతారు.

దారిలో ఇంకొకటుంది, కొలతకు అందనిది. మిషన్ బడులు చాలా గ్రామాల్లో పల్లెలో పుట్టాయి, మాల పల్లెలోనో మాదిగ పల్లెలోనో. చేర్చుకునే బడి ఊళ్లో ఉంటే, లేదా ఇంకో కులం వాళ్ల విచారణలో ఉంటే, తల్లులు పిల్లల్ని పంపుతారా? మీటింగులో ఎవరూ కాదనరు. ఇళ్ల దగ్గర, సాయంత్రం పూట, ఆడవాళ్లే వెళ్లి అడిగితే నిజం తెలుస్తుంది. పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటారు, కుళాయి దగ్గర ఏం జరుగుతుంది, ఇంతకుముందు అక్కడ చేరి వెనక్కి వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా? ఈ మూడూ అడగండి.

చదువు

మొదట చూడాల్సింది మీడియం, ఫీజు. ఇవతలిది ఫీజు లేని ఎయిడెడ్ బడి, అవతలిది కాన్వెంటు నడిపే అన్ఎయిడెడ్ ఇంగ్లిష్ మీడియం అయితే దాన్ని విలీనం అనకూడదు. ఫీజు కట్టలేని పిల్లల్ని బయటికి పంపడం అనాలి. పూర్తి రాయితీ ఇస్తామంటే, ఎన్ని సీట్లకు, ఏ నిధి నుంచి, ఐదో తరగతి దాకా గ్యారంటీ ఉందా అన్నది కరస్పాండెంటు సంతకంతో కావాలి. ప్రభుత్వం తల్లుల ఖాతాల్లో వేసే డబ్బును ఫీజుకు లెక్కగట్టి బడ్జెట్ వేయొద్దు. 75 శాతం హాజరు లాంటి షరతులుంటాయి, ప్రభుత్వం మారితే పథకం మారుతుంది.

చదువు ఎలా ఉందో మార్కుల రిజిస్టరు చెప్పదు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. గ్రామీణ పిల్లల చదువును ఇళ్ల దగ్గర పరీక్షించే అసర్ సర్వే వాడే మెట్లు చాలు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, భాగహారం. పిల్లవాడికి ఐదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. పరీక్షించేవాళ్లు రెండు బడులకూ ఒకరే అయ్యుండాలి, పాఠం చెప్పే టీచరు పక్కన ఉండకూడదు.

మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు చదవాలని కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ఉంది. తెలుగులో దాన్ని గుడ్డిగా వాడొద్దు. "వెళ్లాల్సివచ్చింది" మనకు ఒక పదం. అర్థమై చదువుతున్నాడా అన్నది ముందు, వేగం తర్వాత.

ఫలితాల్ని శాతాల్లో రాయకండి. తరగతిలో ఆరుగురు ఉన్న బడిలో ఒక పిల్లవాడు తడబడితే 17 శాతం పడిపోతుంది. "ఆరుగురిలో నలుగురు కథ చదివారు" అని రాయండి. చిన్న బడి అన్యాయంగా ఓడిపోయేది ఇక్కడే.

హాజరుకు మూడు అంకెలు కావాలి: ఆ రోజు హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం రిజిస్టరు, మీరు స్వయంగా లెక్కపెట్టిన తలలు. చెప్పకుండా, పండగలకు దూరంగా, కనీసం మూడుసార్లు చూడండి. మూడూ కలవకపోతే పైన వేసిన పిల్లల లెక్కంతా మళ్లీ వేయాలి.

సత్యోపదేశం, నీతిబోధ ఏ పీరియడ్లో, ఎవరు, ఎవరికి చెబుతున్నారో టైంటేబులు చూసి రాసుకోండి. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో మైనర్లకు మతబోధ చేయాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. సమ్మతి పత్రాలు ఫైల్లో ఉన్నాయా? కలిశాక కొత్తగా వచ్చే పిల్లల ఇళ్ల నుంచి మళ్లీ తీసుకోవాలి. ఉపదేశి (మతబోధ చేసే మనిషి) జీతం ఏ విచారణ ఇస్తుందన్న తగువు విలీనం తర్వాతే బయటపడుతుంది. దాన్నీ ఇప్పుడే తేల్చేయండి.

భవనం

చేర్చుకునే బడి గదుల్ని గోడ నుంచి గోడకు టేపుతో కొలవండి. ఎలిమెంటరీ పిల్లవాడికి చదరపు మీటరు చొప్పున లెక్క. 20 అడుగులు, 18 అడుగుల గది 33 చదరపు మీటర్లు. అలాగని 33 మంది పట్టరు. బల్ల, బీరువా, తలుపు తెరుచుకునే చోటు తీస్తే 28 మందే. కిటికీలన్నీ కలిపి నేల వైశాల్యంలో ఆరో వంతైనా లేకపోతే తీరప్రాంతపు ఉక్కలో మధ్యాహ్నం పాఠం సాగదు.

స్లాబును చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి శబ్దం బదులు డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి పెచ్చుల్ని తోసేస్తుంది. కడ్డీ బయటపడ్డచోట తుప్పు గీకి వెర్నియర్‌తో కొలవాలి. 8 మిల్లీమీటర్ల కడ్డీ 7కు వచ్చిందంటే పోయింది ఒక మిల్లీమీటరే అనిపిస్తుంది, కానీ బలాన్నిచ్చే అడ్డుకోతలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు. అలాంటి గదిలోంచి పిల్లల్ని ఆ రోజే మార్చండి, రిపోర్టు కోసం ఆగొద్దు. కొత్తగా సున్నం కొట్టిన మచ్చలు స్లాబు మీద కనిపిస్తే ఆ మచ్చలే ముందు కొట్టి చూడాలి.

పగుళ్లన్నీ ఒకటి కావు. స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా వచ్చే సన్న పగులు ఎండకు స్లాబు సాగడం వల్ల వచ్చేది, చూడ్డానికి భయపెడుతుంది కానీ ప్రమాదం తక్కువ. గోడ మూలల్లో మెట్లమెట్లుగా దిగే పగులు పునాది కుంగుతోందని చెబుతుంది. గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగడిలో ఇది మామూలు. ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ ప్లాస్టరుతో అంటించి తేదీ రాయండి. జులై నుంచి జనవరి దాకా అది విరగకపోతే పగులు పాతదే. విజయవాడ, ఒంగోలు భూకంప మండలం మూడులో ఉన్నాయి కాబట్టి అక్కడి పాత రాతిగోడ, పెంకు కప్పు భవనాలకు ఇంజినీరు సంతకం లేకుండా అదనంగా ఒక్క పిల్లవాణ్నీ కేటాయించొద్దు.

గదులు చాలక పిల్లల్ని మేడ మీదికి పంపాలన్న ఆలోచన వస్తుంది. 2004 జులై 16న కుంభకోణంలో వంటశాలలో పుట్టిన మంట పాకకప్పుకు అంటుకుని, పై అంతస్తు నుంచి దిగలేక 94 మంది పిల్లలు చనిపోయారు. మెట్ల మీద ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన దిగలేకపోతే, లేదా వంటగది మెట్ల కిందే ఉంటే, పై అంతస్తును తరగతి గదుల లెక్కలోంచి కొట్టేయండి. ఒకటి, రెండు తరగతులు ఎప్పుడూ కిందే.

మరుగుదొడ్లు: 40 మందికి ఒక యూనిట్, అంటే ఒక దొడ్డి, మూడు మూత్రశాలలు. అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరు. 109 మందిలో సగం సగం అనుకుంటే చెరి రెండు యూనిట్లు కావాలి. తాళం వేసినవి, నీళ్లు రానివి లెక్కలోకి రావు. ర్యాంపు వాలు 1:12. అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగుల పొడవు రావాలి. చాలాచోట్ల ఆరడుగుల్లో ముగించి ఫొటో తీసేస్తారు, చక్రాల కుర్చీ దాని మీద నిలవదు.

వంటగది లెక్క 100 మంది దాకా 20 చదరపు మీటర్లు, ఆపై ప్రతి వందకూ మరో 4. ఇక్కడ ఒకటి గమనించండి. 25 మంది దాటితే వంద దాకా ఇద్దరు వంటవాళ్లు, తర్వాత ప్రతి వందకూ ఒకరు. రెండు బడుల్లో కలిపి నలుగురు పనిచేస్తున్నారు, కలిపాక ముగ్గురే. పని పోయే ఆ నాలుగో మనిషి పల్లెలో తల్లే అయ్యుంటుంది. విలీనం మీద పల్లె అభిప్రాయం అక్కడే మారుతుంది.

తాగునీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో ఈ పరీక్ష లేకుండా ముందుకెళ్లొద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

టీచర్లు, డబ్బు

ఒక పట్టిక వేయండి: పేరు, ఎయిడెడ్ పోస్టా కాదా, అర్హత, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) ఉందా, రిటైర్మెంట్ తేదీ. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని చెప్పి, మైనారిటీ స్కూళ్ల సంగతిని విస్తృత ధర్మాసనానికి పంపింది. కాబట్టి టెట్ కాలమ్ ఖాళీగా వదలొద్దు. సిస్టర్ల విషయంలో మనిషిని కాదు, స్థానాన్ని రాయండి. మే నెల బదిలీల్లో ప్రొవిన్షియల్ (సిస్టర్ల సభకు ఆ ప్రాంతపు అధిపతి) ఉత్తరం వస్తే ఆ సిస్టరు ఉండరు, లెక్కల పాఠం మాత్రం ఉండాలి.

ఎయిడెడ్ పోస్టు మన ఇష్టానికి కదలదు, డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయం అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించిన యాజమాన్యాలు ఉన్నాయి. మీ బడి అప్పుడు ఏ అంగీకారపత్రం మీద సంతకం చేసిందో ఆ కాపీ తెప్పించుకుని చదవండి.

అన్ఎయిడెడ్ టీచర్ని తీసేయాల్సివస్తే గ్రాట్యుటీ ఉంటుంది: చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 జీతంతో 12 ఏళ్లు చేసినవారికి సుమారు 1,24,600. పీఎఫ్, ఈఎస్ఐ బకాయిలుంటే అదనం. ఈ ఖర్చు "విలీనంతో మిగిలేది" అన్న గడిలోంచి తీసేయాలి.

ఆదాయ వ్యయాల్లో అందరూ పొరబడేది సిస్టర్ల జీతం. పుస్తకాల్లో సున్నానో, నామమాత్రమో ఉంటుంది. అందుకే ఆ బడి చౌకగా కనిపిస్తుంది. ఆ స్థానంలో బయటి టీచర్ని పెడితే ఎంతివ్వాలో అంత రాసి రెండు బడుల్నీ పోల్చండి. కాన్వెంటు, బడి, గుడి ఒకే కరెంటు మీటరు మీదుంటే విడదీయాలి. మూసిన భవనానికీ ఖర్చుంటుందని మరవొద్దు. కాపలా, ప్రహరీ, పన్ను, మీటరు కనీస చార్జీ, అన్నిటికంటే మించి ఆక్రమణ. ఊరి మధ్య తాళం వేసిన స్థలానికి రెండేళ్లలో కొత్త వాటాదారులు పుడతారు.

కాగితాలు

గుర్తింపు ఉత్తర్వు శాశ్వతమా, తాత్కాలికమా, ఏ తరగతుల వరకు, ఏ మీడియానికి? ప్రైవేటు స్కూళ్ల నిబంధనలకు మూలం 1994 జనవరి 1 నాటి జీవో 1. కొత్త సెక్షన్లకూ, స్థలం మార్పుకూ, మూతకూ ముందస్తు అనుమతి కోసం దరఖాస్తు ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓకు వెళ్లాలి. మైనారిటీ హోదా సర్టిఫికెట్ ఏ బడి పేరు మీద, ఏ చిరునామాకు ఉందో చూడండి. కలిసిన బడి పేరు మారిస్తే ఆ సర్టిఫికెట్ సంగతి ముందే న్యాయవాదితో మాట్లాడాలి.

స్థలానికి దస్తావేజు, లింకు పత్రాలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), అడంగల్, 1-బి (రెవెన్యూ భూమి రికార్డులు), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తీయించండి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరుకు బదులు ఎల్పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చి ఉంటుంది, రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. దానపత్రంలో "బడి నడిచినంతకాలం" లాంటి మాట ఉందా? ప్రభుత్వం ఇచ్చిన స్థలమైతే షరతు తప్పినప్పుడు వెనక్కి తీసుకునే వీలుంటుంది. అలాంటిచోట బడి మూస్తే స్థలం కూడా పోవచ్చు.

కానన్ లా (కథోలిక సంఘం చట్టం; బ్రాకెట్లలోవి అందులోని నిబంధన సంఖ్యలు) ప్రకారం బళ్లను పర్యవేక్షించే, సందర్శించే హక్కు మేత్రాణులది, అంటే బిషప్‌ది (806). ఆయన సమ్మతి లేకుండా ఏ బడీ కథోలిక బడి అన్న పేరు పెట్టుకోకూడదు (803). బడి మూయడం, ఆస్తి అమ్మడం వేరువేరు పనులు. నిర్ణీత మొత్తం దాటిన ఆస్తి అమ్మాలంటే ఆర్థిక మండలి, సలహాదారుల మండలి రెండింటి సమ్మతీ కావాలి (1292). దాత ఉద్దేశం పాటించి తీరాలి (1300). బడి సిస్టర్ల సభది (వాళ్ల సన్యాసినుల సంస్థది) అయితే నిర్ణయం ప్రొవిన్షియల్ చేతిలో ఉంటుంది, మేత్రాసనంతో రాసుకున్న ఒప్పందంలో నోటీసు గడువెంతో వెతకండి.

తేల్చడం

ఒక్కో అంశానికి మార్కులు వేసి కూడి, ఎక్కువ వచ్చిన బడిని ఉంచే పద్ధతి వద్దు. మంచి తోట తుప్పు కడ్డీకి బదులు కాదు. ముందు ఆపేసే కారణాలు చూడండి: చేర్చుకునే బడి స్లాబు, దాటలేని దారి, ఫీజు, తల్లుల నిరాకరణ. ఒక్కటున్నా అది తీరేదాకా విలీనం ఆగాలి.

కలపడం, వదిలేయడం, ఈ రెండే దార్లు కావు. ఒకటి, రెండు తరగతులు ఇక్కడే ఉంచి మూడు నుంచి ఐదు అక్కడికి పంపొచ్చు. చిన్నపిల్లలకు నడక తప్పుతుంది, పెద్ద తరగతులకు తలో టీచరు దొరుకుతారు. ఇద్దరు హెడ్మాస్టర్లకు బదులు ఒకరు, ఇంగ్లిష్ టీచరు వారానికి మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. ఇవి ఒక ఏడాది నడిపి చూస్తే పిల్లలు ఎటు మొగ్గుతారో కూడా తెలుస్తుంది.

నిర్ణయమయ్యాక మొదట రెండు బడుల్లో విడివిడిగా తల్లిదండ్రులకు చెప్పండి, టీచర్లకు ఆ ముందురోజు. ఆదివారం పూజలో ప్రకటన ఆ తర్వాతే. టీసీలు, రికార్డు షీట్లు ఏప్రిల్‌లో ఇచ్చేసి, యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లవాడి పెన్ నంబరు (శాశ్వత విద్యార్థి సంఖ్య) డ్రాప్‌బాక్సులోంచి (పాత బడి వదిలిన పిల్లల పేర్లు ఉండే చోటు) కొత్త బడి లాగిన్లోకి చేరిందో లేదో జూన్‌లో ఒక్కొక్కటే సరిచూడాలి. అక్కడ మిగిలిపోయినవాళ్లు బడి మానేసినవాళ్ల లెక్కలో పడతారు. యూడైస్ కోడ్ 11 అంకెలది, 28తో మొదలైతే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. రెండు బడుల కోడ్లు పక్కపక్క ఊళ్లవి కాబట్టి చివరి ఐదంకెలు తప్పు కొట్టడం మామూలు.

పాత అడ్మిషన్ రిజిస్టర్లను పాత సామానుతో కలిపి స్టోర్ రూములో పడేయొద్దు. యాభై ఏళ్ల కిందట చదివినవారి పుట్టినతేదీకీ, వారి మనవల కుల విచారణకూ తహసీల్దారు కార్యాలయం అడిగేది ఆ పుస్తకాలనే. ప్రతి పుస్తకానికీ పేజీల సంఖ్య రాసి, మొదటి, చివరి అడ్మిషన్ నంబర్లతో జాబితా చేసి, రెండు బడుల హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టి అప్పగించుకోవాలి. అన్ని పేజీలూ స్కాన్ తీయించి ఒక కాపీ మేత్రాసన కార్యాలయంలో ఉంచాలి. రికార్డుల కోసం ఎక్కడికి, ఏ వేళల్లో రావాలో మూసిన బడి గేటు మీద పెయింటుతో రాయించండి. కాగితం అంటిస్తే మొదటి వానకే పోతుంది.